సెక్షన్లు విడదీసిన స్నేహాలు

ఆర్.కె. నారాయణ్ తొలి నవల ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ 1935లో వచ్చింది. అందులోని కుర్రాళ్లంతా ఒక క్రికెట్ మ్యాచ్ కోసం ఎదురుచూస్తారు. తీరా ఆ మ్యాచ్‌ను రచయిత మనకు చూపించనే చూపించడు. హెడ్మాస్టరు చేతి బెత్తం లాక్కుని కిటికీలోంచి విసిరేసి పారిపోయిన జట్టు బౌలర్ స్వామి, దారి తప్పి ఊరికి దూరంగా ఉండగానే ఆట ముగిసిపోతుంది. జట్టు ఓడిందన్న కబురు తర్వాత తెలుస్తుంది. ఆ పైన నారాయణ్ మనసంతా ఒక్క విషయం మీదే: కెప్టెన్ రాజం ఇక స్వామితో మాట్లాడడు.

ఈ నవలను అల్లరి పిల్లల సరదా కథగా చదివి పక్కన పెట్టేవాళ్లే ఎక్కువ. బాల్యం దాటే పిల్లవాడికి అసలు దెబ్బ ఎక్కడ తగులుతుందో ఇంత కచ్చితంగా పట్టుకున్న నవలలు మన దేశంలో అరుదు. మొదట్లో రాజం, మణి బద్ధ శత్రువులు. తేల్చుకుందామని సరయూ నది ఒడ్డుకు వెళ్లి, నాలుగు మాటల తర్వాత స్నేహితులై తిరిగొస్తారు. పగను అంత తేలిగ్గా మరిచిపోగలిగిన అదే రాజం, ఓడిన ఒక్క ఆటను మాత్రం క్షమించలేడు. ఎందుకు? పగలో అవతల ఉన్నది మనిషి. జట్టు కట్టి, గెలుపే గురిగా పెట్టుకున్నాక రాజం కళ్లకు స్వామి కనిపించడం మానేశాడు, బౌలర్ ఒక్కడే మిగిలాడు. బౌలర్ రాలేదన్న కోపంలో, అడవి దారిలో స్నేహితుడు ఏమైపోయాడోనన్న దిగులు అతనికి కలగలేదు. ఆ ఊరు వదిలి వెళ్లేటప్పుడు కూడా పలకరించని రాజానికి ఇమ్మని, రైలు కదులుతుండగా స్వామి మణి చేతికి ఒక పుస్తకం ఇస్తాడు. మ్యాచ్ సంగతి అప్పటికి స్వామి మనసులో లేనే లేదు. నా దృష్టిలో ఆ నవలలో పెద్దవాడైంది స్వామి ఒక్కడే.

రాజం పదేళ్ల పిల్లవాడు, తెలియక చేశాడు. హనుమకొండలో నయీంనగర్ నుంచి హంటర్ రోడ్డు దాకా కార్పొరేట్ ఇంటర్ కాలేజీలు అదే పనిని తెలిసి, పద్ధతి ప్రకారం, ఏడాది పొడవునా చేస్తున్నాయి. ములుగు నుంచో పరకాల నుంచో ఇద్దరు స్నేహితులు ఒకే హాస్టల్లో చేరతారు. వారాంతపు పరీక్షల్లో మార్కులు చూసి ఒకరిని పై సెక్షన్‌కు, ఒకరిని కింది సెక్షన్‌కు పంపుతారు. ఇద్దరి గది మారుతుంది, లెక్చరర్లు మారతారు, చివరికి భోజనాల వేళ కూడా మారుతుంది. కొత్త సెక్షన్‌లో మరో స్నేహం మొదలయ్యేలోగా మరో పరీక్ష వస్తుంది. రెండేళ్లలో ఆ పిల్లలకు బాగా అర్థమయ్యే పాఠం ఒకటే: పక్క బెంచీలో ఉన్నవాడు నా స్థానానికి పోటీ. ఫలితం వచ్చిన రాత్రి పిల్లవాడి పక్కన ఎవరున్నారన్నది 2019 ఏప్రిల్ ఇంటర్ ఫలితాల తర్వాత జరిగిన విద్యార్థుల ఆత్మహత్యలు చూశాక తెలంగాణలో ఎవరూ తేలిగ్గా తీసుకోకూడని ప్రశ్న.

సుప్రీంకోర్టుకు ఈ సంగతి అర్థమైంది. విశాఖపట్నంలో ఒక నీట్ విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జులైలో ఇచ్చిన మార్గదర్శకాల్లో, మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయడం, పిల్లలను నలుగురిలో అవమానించడం వీలైనంతవరకు మానుకోవాలని విద్యాసంస్థలకు చెప్పింది. ఇక్కడి తరగతి గదుల్లోకి ఆ మాట వచ్చిన జాడ నాకు కనిపించడం లేదు.

ఎకరం పొలం అమ్మి ఫీజు కట్టిన రైతుకు ర్యాంకే మెట్టు, స్నేహాలు తర్వాత చూసుకోవచ్చు అంటారు. ఆ రైతు ఆరాటం న్యాయమైనదే. అయితే సెక్షన్లు ఎన్నిసార్లు మార్చినా వరంగల్ నిట్‌లో ఇంజనీరింగ్ సీట్లు పెరగవు. కింది సెక్షన్‌కు పోయిన పిల్లవాడి తండ్రి కట్టిన ఫీజూ తగ్గదు. పైగా అర్థం కాని లెక్కను అర్ధరాత్రి విడమరిచి చెప్పేది పక్క మంచం మీది స్నేహితుడే.

ఓరుగల్లుకు ఇది కొత్తగా చెప్పాల్సిన సంగతి కాదు. ఇక్కడ చదువుకున్న పి.వి. నరసింహారావు, పాములపర్తి సదాశివరావు కలిసి ‘కాకతీయ పత్రిక’ నడిపారు, ‘జయ-విజయ’ అన్న ఒకే కలం పేరుతో రాశారు. ఎవరి వాక్యానికి ఎన్ని మార్కులో తేల్చడానికి వీల్లేని పేరు అది. వారిలో ఒకరు 1991లో ప్రధాని అయ్యారు. కాళోజీ చుట్టూ అల్లుకున్న సాహిత్య బృందం తనకు పెట్టుకున్న పేరు మిత్రమండలి. ఈ ఊరి మేధ స్నేహితుల మధ్య ఎదిగింది.

కాబట్టి ఇంటర్మీడియట్ బోర్డు చేయాల్సిన పని స్పష్టం. విద్యాసంవత్సరం మధ్యలో మార్కులను బట్టి సెక్షన్ మార్చకూడదన్న నిబంధనను కాలేజీల అనుబంధ గుర్తింపు షరతుల్లో చేర్చాలి, తనిఖీకి వెళ్లినప్పుడు హాజరు పట్టీలు తెరిచి చూడాలి. అంతవరకు తల్లిదండ్రులు ఆగనవసరం లేదు. ఫీజు కట్టే ముందే ‘మా వాడి సెక్షన్ మారుస్తారా?’ అని అడిగి, సమాధానాన్ని కాగితం మీద రాయించుకోవాలి.