ఇబాన్ అంటే వంకర మలయ్ కాదు

ఆ మెసేజ్ ఈ వారంలోనే నాకు నాలుగోసారి వచ్చింది. "సరవాక్‌లో మాట్లాడే ఇబాన్ అసలు భాషే కాదు, వంకరగా పలికే మలయ్. హ పలకలేరు, మాటల చివర మార్చేస్తారు, లిపి లేదు. పిల్లలకి నేర్పడం టైం వేస్ట్." సరవాక్ అంటే బోర్నియో దీవిలోని మలేషియా రాష్ట్రం, ఇబాన్ అక్కడి ఇబాన్ తెగవాళ్ల భాష, మలయ్ మలేషియా జాతీయ భాష. ఈ మెసేజ్ పంపేది సరవాక్ రాజధాని కూచింగ్‌లో ఉంటున్న మన తెలుగువాళ్లే. ఇక ఊరుకోలేను.

లిపి సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను. మలయ్‌ని కూడా ఇవాళ ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల్లోనే రాస్తున్నారు. ఇబాన్‌కైతే దుంగింగ్ అనక్ గుంగు అనే ఆయన 1947లో సొంత లిపే తయారుచేశాడు.

హ మాటకొస్తే, వానని మలయ్‌లో హుజాన్ అంటారు, ఇబాన్‌లో ఉజాన్. కానీ ఇంటిని రుమాహ్ అనేటప్పుడు చివరి హ చక్కగా పలుకుతారు. మాట మొదట్లోనే అది జారిపోయింది, మనకి మ్రాను మాను అయినట్టు. మనకీ నోరు తిరగలేదంటారా?

ఇక మాట చివర. తినడం మలయ్‌లో మకాన్, ఇబాన్‌లో మకాయ్. దారి జలాన్, జలాయ్. రావడం దతాంగ్, దతాయ్. మెసేజ్ రాసినవాళ్లు ఇక్కడికే ఆగిపోయారు. మరి చేప రెండింట్లోనూ ఇకానే, చందమామ బులానే. నోటి వంకరే అయితే ఇవెలా తప్పించుకున్నాయి? కుక్క మలయ్‌లో అంజింగ్, ఇబాన్‌లో ఉకుయ్. పేరుని మలయ్‌లో నామా అంటారు. ఇబాన్‌లో 'ఏమిటి' అని అడగాలన్నా నామానే. భాషని మలయ్‌వాళ్లు సంస్కృతం నుంచి తెచ్చుకుని బహాసా అంటారు, ఇబాన్లు జాకు అంటారు. యాసలు ఇబాన్‌కే బోలెడున్నాయి: సరిబాస్, స్క్రాంగ్, బలావ్. సెరియాన్ వైపు రెమున్ వాళ్ల మాటయితే మిగతా ఇబాన్లకే ఓ పట్టాన అర్థం కాదు.

ఒకటి ఒప్పుకుంటాను. మలయ్ వచ్చినవాళ్లకి ఇబాన్ తొందరగా పట్టుబడుతుంది, నాకూ అలాగే వచ్చింది. అవి అక్కచెల్లెళ్లు. పైగా ఆ భాషా కుటుంబం మొత్తానికీ పుట్టిల్లు పశ్చిమ బోర్నియోయే అని చాలామంది భాషాశాస్త్రవేత్తల అభిప్రాయం.

నాకు కోపం తెప్పించింది మాత్రం ఆ మెసేజ్‌లోని చివరి వాక్యం. ఓసారి ఒక పొడుగింటికి, అంటే చాలా కుటుంబాల ఇళ్లు ఒకే కప్పు కింద వరసగా ఉండే రుమాహ్ పంజాయ్‌కి, భోజనానికి వెళ్లాను. ముసలావిడ రువాయ్‌లో, అంటే ఇళ్లన్నిటికీ ఉమ్మడిగా ఉండే వసారాలో, చాప పరిచి "అరం, కితాయ్ మకాయ్" అంది. రండి, మనం తిందాం అని. వాళ్లకీ మనకిలాగే 'మనం' వేరు, 'మేము' వేరు. కితాయ్ అని నన్నూ కలుపుకుంది. పట్నంలో పెరిగిన మనవడు ఆవిడకి మలయ్‌లో జవాబిచ్చాడు. ఆవిడ మళ్లీ ఇబాన్‌లోనే పిలిచింది. ఆ పిల్లాడు బళ్లో ఇబాన్ చదువుకుని పరీక్ష కూడా రాయొచ్చు, ఆ సబ్జెక్టు ఉంది. అది టైం వేస్ట్ అని వాళ్లమ్మకి చెప్పడానికి మనమెవరం? దయచేసి ఆ మెసేజ్ ఇంకెవరికీ పంపకండి.