‘నీరసం’ అని రాసి ఊరుకుంటే సరిపోదు

ఇంటికొచ్చిన పాలియేటివ్ కేర్ (ముదిరిన జబ్బులో బాధ తగ్గించే వైద్యసేవ) నర్సు ఎలా ఉన్నారని అడిగితే ముందుగా వినిపించే మాట నీరసం. క్యాన్సర్ కదా, ఉంటుందిలే అని అందరం సరిపెట్టుకుంటాం. నొప్పి పదికి ఎంతని ప్రతిసారీ అడిగి రాసుకుంటున్నప్పుడు, ఒంట్లో సత్తువ ఎంత మిగిలిందో కూడా అంతే శ్రద్ధగా చూడాలి.

ఇందుకు పనికొచ్చేది క్లినికల్ ఫ్రెయిల్టీ స్కేల్, అంటే ఒంట్లో సత్తువ ఎంత తగ్గి బలహీనపడ్డారో (ఫ్రెయిల్టీ) అంకెల్లో చెప్పే కొలమానం. 2005లో కెనడాలోని డల్హౌసీ యూనివర్సిటీ పరిశోధకులు తెచ్చారు. ఇప్పుడు 1 నుంచి 9 వరకు ఉంటుంది. 1 అంటే దిట్టంగా ఉన్నట్టు, 8 దాకా అంకె పెరిగేకొద్దీ బలహీనత పెరిగినట్టు. పరికరాలేవీ అక్కర్లేదు, రోజువారీ పనుల గురించి అడిగితే చాలు. ప్రధానంగా 65 దాటినవాళ్ల కోసం చేసింది కాబట్టి చిన్న వయసు పేషెంట్ల విషయంలో జాగ్రత్తగా వాడాలి. ఇంకో చిక్కు ఉంది. 9 అంటే 8 కంటే బలహీనమని కాదు. ఆయుష్షు ఆరు నెలల లోపే అనుకున్నా, ఇతరత్రా తీవ్రంగా కుంగిపోనివాళ్లకు అది. జబ్బు ముదిరిందని అందరికీ 9 వేసేస్తే, తన స్నానం తానే చేసుకునే మనిషికీ మంచం దిగలేని మనిషికీ తేడా లేకుండా పోతుంది.

ఆ తేడా ఇంట్లోనే బాగా తెలుస్తుంది. బాత్‌రూమ్ గడప దాటేటప్పుడు గోడ పట్టుకుంటున్నారా? నీళ్ల చెంబు ఒంటిచేత్తో ఎత్తగలరా? కింద కూర్చుంటే ఎవరైనా చెయ్యి అందిస్తే తప్ప లేవలేరా? ఎన్నడూ పొయ్యి దగ్గరికి వెళ్లని పెద్దాయనను వంట చేసుకోగలరా అని అడిగి లాభం లేదు. కోడలు ప్రేమగా ముద్దలు కలిపి పెడుతోందని, అత్తగారు సొంతంగా తినలేరని రాసేయడమూ తప్పే.

రెండు వారాల కిందట ఎలా ఉండేవారో తప్పనిసరిగా అడగాలి. మొన్నటిదాకా వాకిలి వరకు నడిచిన మనిషి ఉన్నట్టుండి పడకేస్తే దాన్ని ఫ్రెయిల్టీ ఖాతాలో వేయకూడదు. ఇన్ఫెక్షన్, రక్తహీనత, రక్తంలో కాల్షియం పెరగడం, కొత్తగా ఇచ్చిన మాత్ర, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. వెన్నునొప్పితో పాటు కాళ్లు పట్టు తప్పితే వెన్నుపాము నొక్కుకుపోతోందేమో అనుకుని అదే రోజు ఆసుపత్రికి పంపాలి. బరువు సగానికి పడిపోయినా పాత బీపీ మాత్ర అదే డోసులో నడుస్తుంటే లేవగానే కళ్లు తిరుగుతాయి. సరిగా తినని మనిషికి షుగర్ మాత్ర ప్రమాదం. డాక్టర్‌ను అడిగి డోసు మార్పిస్తే కొందరు మళ్లీ లేచి తిరుగుతారు.

వేసిన స్కోరు, తేదీ ఇంట్లో ఉండే ఫైల్లోనే రాయాలి. అర్ధరాత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్తే, ఐసీయూలో పెట్టాలా వద్దా అని నిర్ణయించే డ్యూటీ డాక్టర్‌కు, ఆ మనిషి నెల కిందట ఎలా ఉన్నారో చెప్పే కాగితం అదొక్కటే.