పని చేసేవాళ్ళు సరే, గుర్తు చేసేవాళ్ళకి గౌరవం ఏదీ?

ఈ దేశంలో పనులు జరగకపోవడానికి బద్ధకం కారణం అని చాలామంది అనుకుంటారు, అది శుద్ధ తప్పు, అసలు కారణం గుర్తు చేసే వ్యవస్థ సరిగ్గా లేకపోవడం. పని ఎవరైనా చేస్తారండీ, చెప్తే చేస్తారు, చెప్పకపోయినా తిట్టుకుంటూ చేస్తారు. కానీ ఆ పనిని ఒక యాప్‌లోకి ఎక్కించి, గడువు పెట్టి, గడువుకి రెండ్రోజుల ముందు ఒకటి, ముందురోజు ఒకటి, ఆ పొద్దున ఒకటి, దాటిపోయాక గంటకొకటి చొప్పున దానంతటదే ఎస్సెమ్మెస్ వెళ్ళేలా చేయాలంటే మాత్రం తపస్సు కావాలి. అలాంటి తపస్వి ఒకాయన నిజాంపేటలో మా అపార్ట్‌మెంట్‌కి సెక్రటరీగా ఉన్నారు, ఆయన సేవకి రావాల్సిన గుర్తింపు రాలేదన్న బాధతోనే ఇది రాస్తున్నా.

ఆయన రాకముందు మాది ఆటవిక వ్యవస్థ. నెల మొదటి వారంలో వాచ్‌మన్ ఒక నోటుబుక్కు చంకలో పెట్టుకుని ప్రతి ఫ్లాట్‌కీ వచ్చి బెల్లు కొట్టి "సార్, మెయింటెనెన్స్" అనేవాడు. అంతే, ఇంకో మాట ఉండదు, కదలడు, చెప్పుల స్టాండ్ వైపు చూస్తూ అలాగే నిలబడతాడు. లోపల చుట్టాలుంటారు, ఎదురింటివాళ్ళ తలుపు తీసే ఉంటుంది, ఇక మొహమాటానికి డబ్బులు తెచ్చి చేతిలో పెట్టాల్సి వచ్చేది. ఇదేం పద్ధతి? తన బాకీని తాను ప్రశాంతంగా మర్చిపోయే స్వేచ్ఛ మనిషికి ఉండొద్దా? వసూళ్ళంటారా, బాగానే ఉండేవి, పదో తారీకు దాటేసరికి దాదాపు అందరివీ వచ్చేసేవి, కానీ డేటా ఏదీ? డ్యాష్‌బోర్డ్ ఏదీ?

సెక్రటరీ గారు సాఫ్ట్‌వేర్ మనిషి. వచ్చిన వారంలోనే మెయింటెనెన్స్, ట్యాంకు క్లీనింగు, లిఫ్ట్ సర్వీసు, మోటారు, చెత్తబండి అన్నిటినీ ఒక టాస్క్ యాప్‌లో పెట్టేశారు. వాట్సాప్ గ్రూపు ఉంది కదా అని ఎవరో అడిగితే, అందులో గులాబీపూల గుడ్‌మార్నింగుల కింద ఏ మెసేజైనా పావుగంటలో సమాధి అయిపోతుందని, ఎస్సెమ్మెస్ అయితే నేరుగా గుండెల్లోకి వెళ్తుందని చెప్పారు. కాదనలేం.

అయితే మన దేశంలో ఒక సంస్థ ఒకేసారి నలుగురికి ఎస్సెమ్మెస్ పంపాలంటే ఊరికే కుదరదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం డీఎల్‌టీ అనే దాంట్లో సంస్థ పేరు నమోదు చేయించుకోవాలి, పంపినవాళ్ళ పేరుగా కనపడే ఆరక్షరాల హెడర్ తీసుకోవాలి, పంపబోయే వాక్యం ముందే రాసి ఆమోదం పొందాలి, అందులో పేరు, అంకె లాంటివి మారే చోట ఖాళీలు వదలాలి. డీఎల్‌టీ అంటే బ్లాక్‌చెయిన్. అంటే మూడో అంతస్తులో నీళ్ళు రావట్లేదన్న సంగతి బిట్‌కాయిన్ చుట్టాల సాక్షిగా నమోదవుతుందన్నమాట. ఇక్కడే సెక్రటరీ గారికి ఒక ధర్మసందేహం వచ్చింది. మెసేజ్ ప్రమోషనలా, సర్వీసా, ట్రాన్సాక్షనలా అని చెప్పాలి, 2025 నుంచి హెడర్ చివర ఆ అక్షరం కూడా కనపడుతోంది. మరి "సంప్ ఎండిపోయింది" అన్నది ఏ కోవలోకి వస్తుంది? కమిటీలో దీనిమీద ఒక సాయంత్రమంతా చర్చ జరిగింది, ఆ సాయంత్రం కూడా సంప్ ఎండే ఉంది. ఆమోదం లేని మెసేజ్‌ని ఆపేసే ఈ వడపోతని తేలిగ్గా తీసుకోకండి, 2021 మార్చి 8న దీన్ని గట్టిగా అమలు చేయడం మొదలుపెడితే దేశమంతా ఓటీపీలు ఆగిపోయాయి, మర్నాడే ట్రాయ్ దాన్ని వారం రోజులు పక్కన పెట్టాల్సి వచ్చింది. బ్యాంకులే బోల్తాపడిన చోట మా నిజాంపేట అసోసియేషన్ ఎంత చెప్పండి.

దాంతో ఆయన దగ్గరి దారి పట్టారు. డ్రాయర్‌లో పడున్న పాత ఆండ్రాయిడ్ ఫోన్ బయటికి తీసి, ఒక కొత్త సిమ్ వేసి, టాస్క్ యాప్‌లో టైమవగానే ఎక్కడో ఉన్న సర్వర్ ఈ ఫోన్‌ని తట్టేలా, ఫోన్ మనకి ఎస్సెమ్మెస్ కొట్టేలా ఆటోమేషన్ పెట్టారు. రీఛార్జి ప్యాక్‌లో రోజుకి 100 ఎస్సెమ్మెస్‌లు. మాది ముప్పై చిల్లర ఫ్లాట్లు, సరిపోతాయనే అనుకున్నాం.

ఎస్సెమ్మెస్ అంటే 160 అక్షరాలని మనకి తెలుసు కదా, జర్మనీలో హిల్లెబ్రాండ్ అనే ఇంజనీరు 1985లో టైప్‌రైటర్ మీద తోచిన వాక్యాలు కొట్టి లెక్కపెట్టుకుని, మనిషికి ఈ మాత్రం చాలు అని తేల్చిన అంకె అది. పాపం ఆయన అపార్ట్‌మెంట్లో ఉండేవాడు కాదనుకుంటా. ఇంకో తమాషా ఏంటంటే ఈ 160 ఇంగ్లీషు అక్షరాలకే, మెసేజ్‌లో ఒక్క రూపాయి గుర్తు పెట్టారో అది ఎస్సెమ్మెస్‌ల పాత అక్షరాల పట్టికలో లేదు కాబట్టి మొత్తం మెసేజ్ అన్ని భాషల అక్షరాలూ పట్టే యూనికోడ్‌కి మారిపోయి హద్దు 70కి పడిపోతుంది. బాకీ అడిగే మెసేజ్‌లో రూపాయి గుర్తు పెట్టడం నేరం అన్నమాట. సరే గుర్తు తీసేశారు, ఈలోపు రెండో అంతస్తు రిటైర్డ్ మాస్టారు "తెలుగు నేల మీద ఇంగ్లీషులో బాకీ అడిగితే నేను కట్టను" అని బైఠాయించారు. తెలుగులోకి మార్చారు. తెలుగంటే ఎలాగూ 70, పైగా మన ఒత్తులు, గుణింతాలు దేనికవే లెక్క, "స్త్రీ" అని కంటికి ఒక్క అక్షరంలా కనపడేది అక్కడ ఆరు. దాంతో ఒక్కో రిమైండరు రెండు మూడు ముక్కలై, పొద్దున పదింటికే ఆ రోజు కోటా అయిపోయేది. సెక్రటరీ గారు వెనక్కి తగ్గే మనిషి కాదు, పొదుపు కోసం ఒత్తులు తీసేశారు. మర్నాడు అందరి ఫోన్లకీ వచ్చిన సందేశం: "చెత బుట బయట పెటొదు". మాస్టారు ఆ నెలే కాదు, పై నెల కూడా కట్టలేదు.

మోటారు సంగతి విడిగా చెప్పుకోవాలి. అంతకుముందు ట్యాంకు నిండి నీళ్ళు కారుతున్న చప్పుడు వినపడగానే వాచ్‌మన్ వెళ్ళి స్విచ్చాపేసేవాడు, ఇందులో శాస్త్రీయత లేదు కదా. అందుకని మెసేజ్ వచ్చేదాకా మోటారు ముట్టుకోవద్దని రూలు పెట్టి, పొద్దున ఆరింటికి "మోటార్ ఆపు" అని వెళ్ళేలా సెట్ చేశారు. సర్వర్ గడియారం గ్రీన్‌విచ్‌ది, మనకన్నా అయిదున్నర గంటలు వెనక. వాళ్ళ ఆరు మన పదకొండున్నర. ట్యాంకర్ల కోసం కొట్టుకునే కాలనీలో ఆరోజు మా గేటు ముందు పిల్లలు కాయితప్పడవలు వేసుకున్నారు. వాచ్‌మన్‌ని అడిగితే "మెసేజ్ రాలేదు సార్" అన్నాడు, ఆ క్రమశిక్షణకి మేమంతా తల వంచుకోవాల్సి వచ్చింది.

తర్వాత వచ్చింది టిక్కుల సమస్య. డబ్బు కట్టినవాళ్ళ పేరు పక్కన ట్రెజరర్ టిక్కు పెడితేనే రిమైండర్ ఆగుతుంది, ఆయన పెట్టడు. కట్టినవాళ్ళకి కూడా గంటగంటకీ వెళ్తున్నాయి. అందుకని టిక్కు పెట్టమని ట్రెజరర్‌కి ఒక రిమైండరు, అది ఆయన చూశాడో లేదో కనుక్కోమని ప్రెసిడెంటుకి ఒకటి, ప్రెసిడెంటు కొడుకు దగ్గరికి డల్లాస్ వెళ్ళారు. ఇది తట్టుకోలేక నాలుగో అంతస్తాయన స్పామ్ అని 1909 నంబర్‌కి ఫిర్యాదు చేసి ఊరుకోకుండా తోడు కోసం తలుపులు కొట్టడం మొదలుపెట్టాడు, ఎందుకంటే 2025లో మార్చిన నిబంధనల ప్రకారం ఒక నంబర్ మీద పది రోజుల్లో అయిదు ఫిర్యాదులొస్తే చర్య తీసుకుంటారట. పార్కింగు దగ్గర్నుంచి వినాయకుడి చందా దాకా దేనిమీదా ఇద్దరు కలవని మా అపార్ట్‌మెంట్‌లో నలుగురు ఒక్కటయ్యారు. ఐకమత్యం రాలేదని ఎవరన్నారు?

ఈ మధ్యలో ఫోన్ నిద్రపోవడం మొదలైంది. బ్యాటరీ ఆదా పేరుతో ఆండ్రాయిడ్ వెనక నడిచే యాప్‌లని చంపేస్తుంది. సెట్టింగులన్నీ మార్చినా రాత్రయ్యేసరికి మళ్ళీ పడుకుంటోంది. అందుకని రోజూ పొద్దున్నే వెళ్ళి దాన్ని ఒకసారి తట్టి లేపే డ్యూటీ వాచ్‌మన్‌కి ఇచ్చారు. లేపాక మెసేజ్‌లు వెళ్ళాయో లేదో చూడాలి కాబట్టి ప్రతి ఫ్లాట్ బెల్లు కొట్టి "సార్, మెసేజ్ వచ్చిందా?" అని అడిగి రావాలి. అడిగి, చెప్పుల స్టాండ్ వైపు చూస్తూ నిలబడతాడు. ఆ నెల వసూళ్ళు బ్రహ్మాండంగా పెరిగాయి, ఆటోమేషన్ ఫలితం ఇదీ అని సెక్రటరీ గారు గ్రాఫ్ వేసి లిఫ్ట్‌లో అంటించారు.

గిట్టనివాళ్ళు ఏదో ఒకటి అంటారు, ఇది ఒకవైపు వ్యవహారం, ఎదురు జవాబు చెప్పే వీల్లేదు అని. వాళ్ళకి చరిత్ర తెలీదు. 1992 డిసెంబర్ 3న ఇంగ్లండ్‌లో నీల్ పాప్‌వర్త్ అనే కుర్ర ఇంజనీరు "మెర్రీ క్రిస్మస్" అని ప్రపంచంలో మొదటి ఎస్సెమ్మెస్ పంపింది కంప్యూటర్ నుంచే, అది అందుకున్న ఫోన్‌కి తిరిగి మెసేజ్ పంపే శక్తే లేదు. అంటే ఈ వ్యవస్థ పుట్టుకే అలాంటిది, మధ్యలో మనమే జవాబులు అవీ పెట్టి దాన్ని పాడుచేసుకున్నాం.

ప్రస్తుతానికి సేవలు ఆగి ఉన్నాయి. సిమ్ ప్యాక్ గడువు అయిపోయింది. అయిపోతోందని కంపెనీ వాళ్ళు వరసగా మెసేజ్‌లు పెట్టారట, అన్నీ ఆ ఫోన్‌కే వచ్చాయి, అది పంపే ఫోనే తప్ప చదివే ఫోన్ కాదు కదా. ఇకమీదట దానికొచ్చే రిమైండర్లు ఎవరు చదవాలో తేల్చడానికి ఆదివారం పదింటికి సెల్లార్‌లో మీటింగు పెట్టారు. వాచ్‌మన్ వచ్చి చెప్తాడు.