చిన్న సినిమాతో ఎవరికి లాభం?

మొన్న శుక్రవారం హన్మకొండలో ఓ చిన్న సినిమా చూశాను. కాజీపేటలో రైలెక్కి, సికింద్రాబాద్‌లో దిగి, మళ్లీ ఇంటిమొహం చూడని నలుగురు పిల్లల కథ. రోజుకు ఒకటే ఆట, అదీ పొద్దున పదకొండింటికి. హాల్లో మొత్తం ఏడుగురం. అందులో ఇద్దరు ఏసీ కోసం వచ్చినవాళ్లు, ఇంటర్వెల్‌కు ముందే గురక మొదలుపెట్టారు. పేరు చెప్పి లాభం లేదు, మంగళవారానికి తీసేశారు.

బాధ్యత గల ప్రేక్షకుడిగా ఈ సినిమాలోని తప్పులు చెప్పడం నా ధర్మం. ముందుగా జుట్టు. పిల్లలకు నిజంగానే నెలరోజులు నూనె తగలనట్టు అట్టలు కట్టి ఉంది. మన పెద్ద సినిమాల్లో హీరో చెత్తకుప్ప పక్కన పెరిగినా షాంపూ మానడు. పెంపకం అంటే అది! ఇక ఫుట్‌పాత్ మీద పడుకున్న పిల్లాడు. కానిస్టేబుల్ వచ్చి అరికాలి మీద లాఠీతో తడితే వీడు లేచి పదిమందిని గాల్లోకి లేపాలి కదా? లేపడు. సంచి చంకన పెట్టుకొని, చెప్పులు చేత్తో పట్టుకొని, ఇంకో షాపు అరుగు వెతుక్కుంటూ పోతాడు. దీన్ని నాలుగు నిమిషాలు చూపించారు, వెనక మ్యూజిక్ కూడా లేకుండా. నా పక్కాయన తట్టుకోలేక పాప్‌కార్న్‌కు పోయి, దాని ధర చూసి వట్టిచేతులతో తిరిగొచ్చాడు. ఆయన మొహంలో ఉన్న డ్రామా తెర మీద లేదు.

సెన్సారువాళ్లను మాత్రం మెచ్చుకోవాలి. 2024 చివర్లో యూఏ సర్టిఫికెట్‌ను 7, 13, 16 అని మూడు వయసులకు పంచారు కదా, దీనికి 16 ప్లస్ ఇచ్చారు. ఆలోపు వయసువాళ్లు అమ్మానాన్నల అండతో చూడాలన్నమాట. కథలో పిల్లాడికి పదిహేను. తన కథ తాను చూసుకోవాలంటే ముందు అమ్మానాన్నలను వెతికి తెచ్చుకోవాలి. వాళ్లుంటే ఈ కథే లేదు, అది వేరే సంగతి.

ఇలాంటివాటికి ఆస్కార్లొస్తాయని మా తమ్ముడి వాదన. నిజమే, 1988లో మీరా నాయర్ వీధి పిల్లలను పెట్టి ‘సలాం బాంబే’ తీస్తే ఆస్కార్ నామినేషన్ వచ్చింది. ముఖ్యపాత్ర వేసిన పిల్లాడికి జాతీయ అవార్డూ ఇచ్చారు. పెద్దయ్యాక అతను బెంగళూరులో ఆటో నడిపాడు. ఆ సినిమాతోనే సలాం బాలక్ ట్రస్ట్ పుట్టి, వీధి పిల్లలకు నీడ ఇస్తోంది. ఇది నా వాదనకు అడ్డమొస్తుంది కాబట్టి ఇక్కడితో వదిలేస్తున్నాను.

అసలు మన దగ్గర ఇల్లు లేని పిల్లలు ఉండటానికే వీల్లేదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం అలాంటి పిల్లలు దొరికితే 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందుంచాలి. ఫోన్ చేయడానికి 1098 ఉంది. ఇలాంటి పిల్లలను వెతికి పట్టుకోవడానికి పోలీసులు జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పెడతారు. ఒకటి ఇంగ్లిష్ నవ్వు, ఒకటి హిందీ నవ్వు. తెలుగు నవ్వుకు ఇంకా నెల కేటాయించలేదు.

ఆదివారం సాయంత్రం చుట్టాన్ని రైలెక్కించి కాజీపేట స్టేషన్ బయటికొస్తుంటే వాన. గోడవారన తలదాచుకున్నాను. అక్కడే ఆ సినిమా పోస్టరు. పక్కన ఖాళీ సీసాల సంచితో ఒక పిల్లాడు, పన్నెండో పదమూడో ఉంటాయి.

“నీ అసొంటోళ్ల సిన్మానేరా అది” అన్నాను, ఉత్సాహం ఆపుకోలేక.

వాడు పోస్టరు అంచు వేలితో గీకి చూశాడు. ముక్క ఊడి చేతికొచ్చింది.

“గిది కాయితం సార్. దేనికి రాదు.”

గోడకూ కరెంటు స్తంభానికీ మధ్య కట్టిన ఫ్లెక్సీ చూపించాడు. ఓ పెద్ద హీరో పుట్టినరోజుది. ఆయన నల్లకళ్లద్దాల మీద వాననీళ్లు నిలిచి, బరువుకు కిందికి వేలాడుతోంది. దాని కింద ముగ్గురు ముడుచుకొని కూర్చున్నారు.

“గిండ్ల నలుగురం పండుకుంటం. మూలకు చినిగింది గని.” కాసేపాగి అడిగాడు, “అన్న బర్త్‌డే మల్లెప్పుడు సార్?”