రాపామైసిన్ గారికి ఒక ఫిర్యాదు

అయ్యా రాపామైసిన్ గారూ,

ఈస్టర్ దీవి మట్టిలో ఒక బ్యాక్టీరియా కడుపున పుట్టారు. మొదట ఫంగస్‌ని చంపే మందన్నారు, 1999లో కిడ్నీ మార్పిడి రోగులకు అనుమతి తెచ్చుకున్నారు. బాగుంది. కానీ కణాల ల్యాబుల్లో మీరు పెట్టుకున్న రెండో దుకాణం గురించే ఈ ఉత్తరం.

అక్కడ మీరు పెళ్ళిళ్ళ పేరయ్య. ఒక చేత్తో ఎఫ్‌కేబీపీ అనే ప్రోటీన్‌ని, ఇంకో చేత్తో కణం పెరుగుదలని నడిపే ఎమ్‌టార్ అనే ప్రోటీన్‌లోని ఎఫ్‌ఆర్‌బీ ముక్కని పట్టుకుని కలిపేస్తారు. మేం ఎఫ్‌ఆర్‌బీని కణం పొరకి కట్టేసి, ఎఫ్‌కేబీపీకి ఒక ఎంజైమ్ తగిలించి, మిమ్మల్ని కాస్త వేస్తే చాలు, ఎంజైమ్ పరుగున పొర దగ్గరికి చేరి, అక్కడి పీఐపీ2 అనే కొవ్వు పదార్థాన్ని నిమిషం తిరక్కుండా కోసేస్తుంది, దాని మీద ఆధారపడిన పొటాషియం ఛానెళ్ళు (పొరలో పొటాషియం దాటే దారులు) మూతపడతాయి. ఇదే పని ఏదైనా జీన్ తీసేసి చేద్దామంటే రోజులు పడుతుంది, ఈలోగా కణం ఇంకో దారి వెతుక్కుని ఏమీ జరగనట్టు కూర్చుంటుంది. ఈ విషయంలో మీకు సాటి లేదు, ఒప్పుకుంటాను.

మరి ముడి విప్పడం ఎందుకు రాదండీ? కణాల్ని ఎంత కడిగినా మీరు కదలరు. సిగ్నల్ ఆపితే కణం ఎంతసేపట్లో తేరుకుంటుందో చూడాలని మేం గడియారం పట్టుకుని కూర్చుంటే, మీరు మాత్రం జంటని వదలరు. పైగా కణంలో సొంత ఎఫ్‌కేబీపీ బోలెడు ఉంటుంది, మీరు ముందు దాంతో చేయి కలిపి నేరుగా అసలు ఎమ్‌టార్ మీదకి వెళ్ళి దాని పనికి అడ్డుపడతారు. అప్పుడు కణం పెరుగుదల తగ్గితే అది మా ఎంజైమ్ చేసిందా, మీ నిర్వాకమా? పోల్చడానికి ఎంజైమ్ లేని కణాల్లోనూ (కంట్రోల్ అంటే అదే) మిమ్మల్ని వేసి చూడకపోతే ఏ రివ్యూయరూ నమ్మడు, నమ్మకూడదు కూడా.

మీ గొడవ పడలేకే మీ ఒంటికి బుడిపెలా ఒక అదనపు రసాయన ముక్క అతికించి రాపలాగ్‌లు అనే మీ మారు రూపాలు తయారుచేశారు, అవి అసలు ఎమ్‌టార్‌లో ఇమడక, మేం మార్చిపెట్టిన ఎఫ్‌ఆర్‌బీలోనే ఇముడుతాయి. మొక్కల హార్మోన్లు గిబ్బరెల్లిన్, అబ్సిసిక్ ఆమ్లం కూడా ఇదే వ్యాపారంలో దిగాయి. అవి జంటగా కలిపే మొక్కల ప్రోటీన్లు జంతు కణాల్లో ఉండవు కాబట్టి మీలా కణం సొంత ప్రోటీన్లతో చేయి కలిపే గొడవ తక్కువ. మీరు మారకపోతే తర్వాతి ఆర్డర్ వాటికే.

ఇట్లు,
మీ వల్ల కంట్రోల్ ప్లేట్లు రెట్టింపైన ఒక వినియోగదారు