నాట్లు పడేలోపే ఐటీ రిటర్న్ వేసెయ్యాలి

"12 లక్షల దాకా టాక్స్ లేదంట కదండీ, ఇంక మనకెందుకు ఐటీ" అన్న మాట ఈమధ్య అమలాపురంలో విన్నా, తణుకులో విన్నా, భీమవరంలో విన్నా ఒకేలా వినపడుతోంది. ఇందులో సగం నిజం ఉంది గానీ రెండో సగమే జేబుకి చిల్లు పెడుతోంది. 2025-26లో వచ్చిన ఆదాయానికి కొత్త విధానంలో 12 లక్షల దాకా పన్ను పడకుండా రిబేటు ఇచ్చిన మాట నిజమే, జీతగాళ్ళకీ పెన్షనర్లకీ 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కూడా ఉంది. కానీ రిటర్న్ వెయ్యాలా అక్కర్లేదా అన్నది తేల్చేది 12 లక్షల లెక్క కాదు, 4 లక్షల లెక్క. ఆదాయం 4 లక్షలు దాటితే పన్ను సున్నా అయినా రిటర్న్ వేసి తీరాలి. లోన్లూ ఇన్సూరెన్సులూ చూపించి పన్ను తగ్గించుకునే పాత విధానంలో ఉన్నవాళ్ళకయితే ఆ గీత ఇంకా కింద, 2.5 లక్షల దగ్గరే ఉంది, 60 దాటిన పెద్దవాళ్ళకి 3 లక్షలు, 80 దాటితే 5 లక్షలు. 7 లక్షల జీతం ఉన్న స్కూలు టీచర్ గారు రూపాయి పన్ను కట్టక్కర్లేదు, అయినా గడువు దాటి రిటర్న్ వేస్తే ఆలస్యపు ఫీజు 5,000 కట్టాలి. కట్టాల్సిన పన్ను కంటే ఫీజే ఎక్కువ!

గడువు సంగతికొస్తే, జీతం, పెన్షన్, బ్యాంకు వడ్డీ, ఇంటి అద్దె, ఇవి మాత్రమే ఉన్నవాళ్ళకి జూలై 31. వ్యాపారం ఉన్నవాళ్ళు, ఆడిట్ ఉన్నవాళ్ళు తమ తేదీ ఆదాయపన్ను శాఖ పోర్టల్లో చూసుకోవాలి. మార్చి 31తో ఏడాది అయిపోయింది కదా అని ఏప్రిల్లోనే తొందరపడి వేసేవాళ్ళూ ఉన్నారు, అదీ మంచిది కాదు. ఆఖరి మూడు నెలల టీడీఎస్ (ముందుగానే కోసిన పన్ను) లెక్క బ్యాంకులూ ఆఫీసులూ ఇవ్వడానికి మే 31 దాకా టైముంది, జీతం, కోసిన పన్ను వివరాలుండే ఫారం 16 ఇవ్వడానికి జూన్ 15 దాకా టైముంది, అవన్నీ వచ్చాకే పోర్టల్లో మన ఆదాయం, కోసిన పన్ను చూపించే 26ఏఎస్, ఏఐఎస్ పట్టీలు నిండుతాయి. అంచేత అసలు టైము జూన్ మూడో వారం నుంచి జూలై 20 లోపు.

మన డెల్టాలో ఈ నెల రోజుల విలువ మిగతా ఊళ్ళ కంటే ఎక్కువ. జూన్‌లో ధవళేశ్వరం నుంచి కాలవలకి నీళ్ళు వదిలితే నారుమళ్ళు మొదలు, జూలైలో నాట్లు, కూలీల కోసం పరుగులు, ఆ వెంటనే గోదారికి వరద. జూలై ఆఖరి వారం అంటే ఊళ్ళో ఎవ్వరికీ కాగితాలు ముందేసుకుని కూర్చునే తీరిక ఉండదు. 2022 జూలై మధ్యలో కోనసీమ లంకలు నీళ్ళలో ఉన్నాయి, జనం పునరావాస కేంద్రాల్లో ఉన్నారు, ఆ ఏడాది గడువు మాత్రం ఒక్కరోజు కూడా పెరక్కుండా జూలై 31నే అయిపోయింది. 2025లో సెప్టెంబర్ 15 దాకా పెంచి, ఆఖర్న ఇంకొక్క రోజు ఇచ్చారు కాబట్టి ప్రతి ఏడాదీ పెంచుతారులే అనుకోవడం తప్పు, 2022నీ గుర్తుపెట్టుకోవాలి.

దాటిపోతే ఏమవుతుంది? డిసెంబర్ 31 దాకా ఫీజు కట్టి వెయ్యొచ్చు, ఆదాయం 5 లక్షల లోపు ఉంటే 1,000, దాటితే 5,000. అసలు 4 లక్షలే దాటకుండా రీఫండు కోసం వేసేవాళ్ళకి ఫీజు లేదు. పన్ను బాకీ ఉంటే నెలకి 1 శాతం వడ్డీ. చాలామందికి తెలియనిది ఇంకోటుంది, జీతగాళ్ళు గడువు దాటాక పాత విధానం ఎంచుకునే వీలుండదు. హౌసింగ్ లోన్లూ, ఎల్ఐసీలూ, పిల్లల ఫీజులూ చూపించి పాత విధానంలో తక్కువ పన్ను వస్తుందని లెక్కేసుకున్నవాళ్ళు ఆగస్టు వచ్చేసరికి కొత్త విధానంలో పడిపోతారు. డిసెంబర్ కూడా దాటితే నాలుగేళ్ళ దాకా అప్‌డేటెడ్ రిటర్న్ అని ఉంది గానీ అది అదనపు పన్ను కట్టడానికే, దాంట్లో రీఫండు అడగనివ్వరు.

రీఫండు మాటే ఎక్కువ బాధ కలిగిస్తోంది. రిటైరయిన మేస్టారి భార్య పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉంటాయి, ఏడాదికి 1,20,000 వడ్డీ వస్తుంది, ఆవిడకి వేరే ఆదాయమే లేదు. 60 దాటినవాళ్ళకి వడ్డీ లక్ష దాటితే బ్యాంకు 10 శాతం కోస్తుంది, పన్ను కొయ్యొద్దని చెప్పే 15హెచ్ ఫారం ఇవ్వడం మర్చిపోతే 12,000 పోయినట్టే. ఆవిడ రిటర్న్ వేస్తే ఆ 12,000 మొత్తం వెనక్కొస్తుంది, వెయ్యకపోతే రాదు, డిసెంబర్ దాటితే కమిషనర్ గారికి ఆలస్యానికి మన్నింపు అర్జీ పెట్టుకుని తిరగాలి. కువైట్, మస్కట్ వెళ్ళినవాళ్ళది ఇంకా పెద్ద నష్టం. అక్కడి జీతానికి ఎన్నారైకి ఇక్కడ పన్ను లేదు, విదేశీ సంపాదన వేసుకునే ఎన్నార్ఈ ఖాతా వడ్డీకీ లేదు, కానీ ఇక్కడి సొమ్ము వేసుకునే ఎన్నార్వో డిపాజిట్ మీద వడ్డీకి సెస్సుతో కలిపి 31.2 శాతం కోస్తారు. 1,50,000 వడ్డీ వస్తే 46,800 పోతుంది. ఇక్కడ వేరే ఆదాయం లేకపోతే అదంతా తిరిగొచ్చే డబ్బే, ఐటీఆర్-2 అనే రిటర్న్ ఫారం వెయ్యాలి అంతే, ఎన్నారైలకి ఐటీఆర్-1 పనికిరాదు. ఎడారిలో వంట చేసో డ్రైవింగ్ చేసో సంపాదించిన అక్కచెల్లెళ్ళ, అన్నదమ్ముల డబ్బు ఇలా ఊరికే వదిలెయ్యడం మాకు ఏమాత్రం నచ్చడం లేదు, ఇంట్లో చదువుకున్న పిల్లలెవరైనా ఉంటే ఈ పని మీద పడండి.

రీఫండు పడే ఖాతా కూడా చూసుకోవాలి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది, చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది, మన జిల్లాల్లో సగం ఇళ్ళల్లో ఏదో ఒకటి ఈ రెండిట్లో పాసుపుస్తకం ఉంటుంది. పోర్టల్లో పాత ఐఎఫ్ఎస్సీ కోడ్ ఉందేమో చూసి ఖాతాని మళ్ళీ వ్యాలిడేట్ చేసుకోండి, పాన్‌కి ఆధార్ లింకయిందో లేదో కూడా చూడండి, లేకపోతే రీఫండు ఆగిపోతుంది.

ఇక పొలం, చెరువు. ఇక్కడే మనవాళ్ళు ఎక్కువ పొరబడుతున్నారు, కాస్త ఓపిగ్గా చదవండి. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు, వరి అమ్మినా, కొబ్బరికాయలు అమ్మినా, పొలం కౌలుకిచ్చి మక్తా తీసుకున్నా పన్ను లేదు. కడియం, కడియపులంక నర్సరీల వాళ్ళకి కూడా, సొంతంగా పెంచిన మొక్కల మీద ఆదాయం వ్యవసాయ ఆదాయమేనని చట్టంలోనే స్పష్టంగా రాశారు, అయితే బయట నుంచి లారీల్లో తెచ్చి అమ్మిన మొక్కల లాభం వ్యాపారమే. కొబ్బరికాయ అమ్మితే వ్యవసాయం, పీచు మిల్లు నడిపితే వ్యాపారం. పన్ను లేదు కదా అని రిటర్న్‌లో చూపించకపోతే మాత్రం కుదరదు. వ్యవసాయ ఆదాయం 5,000 దాటితే ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 వెయ్యాలి, 5 లక్షలు దాటితే జిల్లా, పిన్‌కోడ్, ఎన్ని ఎకరాలు, సొంతమా కౌలా, నీటి వసతి ఉందా లేదా అన్నీ రాయాలి. జీతంతో పాటు నాలుగెకరాల మక్తా వచ్చే ఉద్యోగులు దాదాపు అందరూ ఈ 5,000 రూలు కిందకి వస్తారు. మక్తా మీద పన్ను వెయ్యరు గానీ జీతానికి ఏ రేటు పడుతుందో తేల్చేటప్పుడు దాన్నీ కలిపి చూస్తారు.

చెరువు సంగతి వేరు. చేపలైనా వనామి రొయ్యలైనా ఆదాయపన్ను దృష్టిలో అది వ్యాపారం, వ్యవసాయం కాదు. అదే పొలాన్ని చెరువు తవ్వి లీజుకిచ్చారనుకోండి, ఆ భూమిలో సాగు లేదు కాబట్టి ఆ లీజు డబ్బు కూడా వ్యవసాయ ఆదాయం అనిపించుకోదు, పన్ను లెక్కలోకి వస్తుంది. వరి మక్తాకి పన్ను లేదు, పక్క గట్టు అవతల చెరువు లీజుకి పన్ను ఉంది, ఈ తేడా తెలియక లీజు డబ్బుని ఏళ్ళ తరబడి వ్యవసాయం కింద రాసినవాళ్ళు ఉన్నారు. ఇంకోటి, ఏడాదికి కరెంటు బిల్లు లక్ష దాటితే ఆదాయం ఎంత తక్కువున్నా రిటర్న్ తప్పనిసరి. నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు తిప్పే చెరువుకి లక్ష ఎంతసేపు? బ్యాంకు కరెంట్ అకౌంట్లలో కోటి దాటి జమ చేసినా, విదేశీ ప్రయాణానికి 2 లక్షలు దాటి ఖర్చయినా అంతే.

చిన్న చెరువుల వాళ్ళకి ఒక సులువైన దారి ఉంది. ఏడాది అమ్మకం 2 కోట్ల లోపు ఉంటే లెక్కల పుస్తకాలు లేకుండా ఐటీఆర్-4లో అమ్మకం మీద 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చిన సొమ్ముకి 6 శాతం లాభంగా చూపించొచ్చు. పక్కన వరి కూడా ఉండి దాని ఆదాయం 5,000 దాటితే మాత్రం ఐటీఆర్-4 కాదు, ఐటీఆర్-3. నష్టపోయినవాళ్ళూ ఐటీఆర్-3యే వెయ్యాలి, లెక్కలు చూపించాలి, దానికి ఆడిటర్ గారి దగ్గరికి వెళ్ళడమే మంచిది. 2025 ఆగస్టు ఆఖర్న అమెరికా సుంకాలు 50 శాతానికి పెరిగి రొయ్య రేటు దెబ్బతిన్న ఏడాది ఇది. ఆ నష్టాన్ని వచ్చే 8 ఏళ్ళ వ్యాపార లాభంలోంచి తీసేసుకునే హక్కు చట్టం ఇచ్చింది, అయితే గడువులోపు రిటర్న్ వేసినవాళ్ళకే. నష్టపోయాం కదా ఇంక రిటర్న్ ఎందుకని మానేసిన రైతు రెండోసారి నష్టపోతాడు.

పొలం ప్లాట్లకి అమ్మినవాళ్ళు కూడా జాగ్రత్త. లక్ష జనాభా దాటిన భీమవరం లాంటి మున్సిపాలిటీ హద్దు నుంచి నేరుగా కొలిస్తే 6 కిలోమీటర్ల లోపు, లక్ష లోపున్న అమలాపురం లాంటి చోట 2 కిలోమీటర్ల లోపు ఉన్న పొలం అమ్మితే లాభం మీద పన్ను ఉంటుంది. ఆ అవతల ఉన్న సాగు భూమికి లేదు.

ఇప్పుడు ఏజెంట్ల గురించి చెప్పాలి, మొహమాటం లేకుండానే చెప్తాం. డబ్బు తీసుకుని రిటర్న్ వేసి పెట్టడం తప్పు కాదు, నిజాయితీగా చేసే ఆడిటర్లు ప్రతి ఊళ్ళో ఉన్నారు. కానీ "మీకు రీఫండు ఇంత తెప్పిస్తా, అందులో నాకింత" అని పర్సంటేజీ మాట్లాడేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. కట్టని ఇన్సూరెన్సు, ఇవ్వని పార్టీ చందా, లేని అద్దె రాసి రీఫండు తెప్పిస్తారు, రెండేళ్ళకి నోటీసు ఉద్యోగి పేరున వస్తుంది, ఏజెంట్ పేరున రాదు. 2025 జూలైలో ఆదాయపన్ను శాఖ ఇలాంటి దొంగ క్లెయిముల మీద దేశమంతా సోదాలు చేసింది. తప్పుడు లెక్క అని తేలితే ఎగ్గొట్టిన పన్నుకి 200 శాతం పెనాల్టీ, పైన వడ్డీ. సంతకం పెట్టేది మీరు, బాధ్యతా మీదే.

ఎవరి చేత వేయించినా పోర్టల్లో ఫోన్ నంబరూ ఈమెయిలూ మీవే ఉండాలి, పాస్‌వర్డ్ మీ దగ్గరుండాలి. ఏజెంట్ నంబరు పెట్టేస్తే శాఖ పంపే ప్రతి నోటీసూ అతని ఫోన్‌కే పోతుంది, ఆయన ఊరు మారితే మీకు సంగతే తెలీదు. రిటర్న్ వేశాక 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతోనో నెట్ బ్యాంకింగ్‌తోనో ఈ-వెరిఫై చెయ్యాలి, అది చెయ్యకపోతే మీరు జూన్‌లోనే వేసినా వెయ్యనట్టే లెక్క. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళ ఆధార్‌కి ఇక్కడి పాత నంబరు లింకయి ఉండి, ఆ సిమ్ ఆగిపోయి, ఓటీపీ రాక ఇక్కడే ఇరుక్కుంటున్నారు, ఈసారి సెలవుకి వచ్చినప్పుడు ముందు ఆ పని చూసుకోవాలి. పోస్టులో పంపే దారి కూడా ఉంది, సంతకం చేసిన ఐటీఆర్-వి (రిటర్న్ రసీదు) బెంగళూరులో శాఖ వాళ్ళ సీపీసీ ఆఫీసుకి చేరాలి. 75 దాటి, పెన్షనూ వడ్డీ ఒకే బ్యాంకులో వచ్చే పెద్దవాళ్ళు బ్యాంకుకి డిక్లరేషన్ ఇస్తే అసలు రిటర్నే అక్కర్లేదు, ఈ విషయం బ్యాంకులు తమంతట తాము చెప్పాలి.

మేము శాఖని, జిల్లా కలెక్టర్లని కోరేది రెండే. జూన్ 15 నుంచి నెల రోజులు సచివాలయాల దగ్గర, కనీసం మండలానికో చోట, తెలుగులో చెప్పే మనిషితో రిటర్న్ క్యాంపులు పెట్టండి. కాకినాడ, రాజమండ్రి, ఏలూరు ఆఫీసుల దాకా రాలేని ముసలివాళ్ళు, లేసు అల్లుకుని డిపాజిట్ వేసుకున్న నరసాపురం ఆడవాళ్ళు, చెరువు గట్టు వదల్లేని రైతులు వస్తారు. రెండోది వరద. 2018 ఆగస్టులో కేరళ మునిగినప్పుడు ఆ ఒక్క రాష్ట్రానికే గడువుని ఆగస్టు 31 నుంచి సెప్టెంబర్ 15కి జరిపారు. గోదారి లంకల్లో జూలై వరద కొత్త కాదు, కేరళకి ఇచ్చింది కోనసీమకీ ఇవ్వొచ్చు, ముంపు ప్రకటించిన మండలాలకి గడువు దానంతటదే పెరిగేలా ఒక శాశ్వత ఉత్తర్వు ఉండాలి. మన ఎంపీలు ఈ మాట పార్లమెంటులో అడగాలి, కలెక్టర్లు ముంపు జాబితాతో పాటు శాఖకి లేఖ రాయాలి. ఆ ఉత్తర్వు వచ్చేదాకా మాత్రం లంకల్లో ఉన్నవాళ్ళు జూలై మొదటి వారమే తమ గడువనుకుని, పాన్, ఆధార్, పాసుపుస్తకం, ఫారం 16 ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, జూన్ ఆఖర్లోనే పని ముగించుకోవాలి.