నలభై మంది బడికి శాతాలెందుకు?

బడుల లెక్కలు ప్రకటించేటప్పుడు వెయ్యి మంది చదివే హైస్కూలుకూ, వైకల్యం ఉన్న పిల్లలు నలభై మంది చదివే ప్రభుత్వ స్పెషల్ స్కూలుకూ ఒకటే పట్టిక వాడతారు. మొత్తం పిల్లలెందరు, మగపిల్లలెందరు, ఆడపిల్లలెందరు, ఏ వర్గం వారు, పేద కుటుంబాల వారెందరు అన్న గడులే రెండింటికీ. పేచీ ఇక్కడే మొదలవుతుంది.

నలభై మందిలో ఒక్క పిల్లవాడంటే రెండున్నర శాతం. రెండు కుటుంబాలు ఇల్లు మారితే చాలు, 'నమోదులో 5 శాతం పతనం' అని శీర్షిక పెట్టొచ్చు. పత్రికలవాళ్లం పెడతాం కూడా. ఆ తర్వాత ఎవరో ఒకరు ఈ బడి ఇంకా అవసరమా అని అడుగుతారు.

ఇలాంటి బడి పట్టికలో చాలాసార్లు ముందుగా కంటబడేది మగపిల్లల సంఖ్య. అమెరికాలో 2021-22లో ప్రభుత్వ బడుల మగపిల్లల్లో 18 శాతం మంది ప్రత్యేక విద్య సేవలు పొందితే, ఆడపిల్లల్లో 10 శాతమే పొందారు. అక్కడి ఎనిమిదేళ్ల పిల్లల మీద 2022లో తీసిన లెక్కల ప్రకారం ఆటిజం ఉన్నట్టు గుర్తించినవారిలో ఒక ఆడపిల్లకు ముగ్గురికి పైగా మగపిల్లలున్నారు. ఇందులో కొంత పుట్టుకతో వచ్చిన తేడా కావచ్చు. కొంత మాత్రం మన చూపులోని తేడా. క్లాసులో గోల చేసే అబ్బాయిని వెంటనే పరీక్షకు పంపుతారు. ఒక మూల మాట్లాడకుండా కూర్చున్న అమ్మాయిని బుద్ధిమంతురాలు అంటారు. ఆ అమ్మాయి ఏ పట్టికలోనూ ఉండదు.

జాతి, వర్గాల లెక్క ఇంకా సున్నితమైనది. అమెరికాలో నల్లజాతి పిల్లలకు మేధో వైకల్యం ఉందని ముద్ర వేయడం మిగతావారి కంటే ఎక్కువగా జరుగుతోందన్న ఫిర్యాదు దశాబ్దాలుగా ఉంది. ఏ వర్గం పిల్లలనైనా మోతాదుకు మించి ప్రత్యేక విద్యలోకి తోస్తున్నారా అని రాష్ట్రాలు తనిఖీ చేయాలని అక్కడి చట్టమే చెబుతోంది. కానీ ఆ సంగతి ఒక్క చిన్న బడి పట్టికలో తేలదు. పిల్లలను పంపే మామూలు బడులన్నిటినీ కలిపి చూడాలి. పైగా ఒక గడిలో ముగ్గురో నలుగురో ఉంటే ఆ పిల్లలెవరో ఇట్టే తెలిసిపోతుంది కాబట్టి, సంఖ్యకు బదులు చుక్క పెడతారు. అది సరైన పనే. అయితే చిన్న బడి పట్టికలో చివరికి చుక్కలే ఎక్కువ మిగులుతాయి.

అసలు చిక్కు మొత్తం సంఖ్యతోనే. మామూలు బడిలో పిల్లలు తగ్గితే చెడు, పెరిగితే మంచి అనుకుంటాం. స్పెషల్ స్కూలుకు ఆ కొలత పనికిరాదు. అయిదుగురు పిల్లలు తగిన సాయంతో మామూలు బడికి వెళ్లిపోయి ఉంటే, ఆ తగ్గుదల బడి గెలుపు. బస్సు ఆగిపోయిందనో, థెరపిస్టు ఉద్యోగం మానేశాడనో అదే అయిదుగురు ఇంట్లో కూర్చుంటే అంతకంటే ఘోరం లేదు. పట్టికలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. పెరుగుదల సంగతీ అంతే. కొత్తగా వచ్చినవారిలో ఎంతమందిని మామూలు బడి 'మా వల్ల కాదు' అని పంపేసిందో ఎవరూ రాసిపెట్టరు. చాలామంది ఒకటో తరగతిలో రారు. తొమ్మిదేళ్లకో పదేళ్లకో, అప్పటికే రెండు బడులు తిరిగి వస్తారు.

వికలాంగుల హక్కులపై 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం అందరూ కలిసి చదివే విధానం వైపే దారి చూపింది. అమెరికాలో ప్రత్యేక విద్య పొందుతున్న పిల్లల్లో విడి బడుల్లో ఉన్నది సుమారు 2 శాతమే. ఆ దారి మాకూ సమ్మతమే. కానీ మామూలు బడిలో ర్యాంపు, సహాయకులు, శిక్షణ ఉన్న టీచరు సిద్ధం కాకముందే, సంఖ్య తగ్గిందని చెప్పి స్పెషల్ స్కూలుకు తాళం వేస్తే దాన్ని కలిపి చదివించడం అనలేం. అది ఖర్చు తగ్గించుకోవడం. ఆరుగురు పిల్లలకు ఒక టీచరు, ఇద్దరు సహాయకులా అని నోరు వెళ్లబెట్టేవాళ్లు, ఆ ఆరుగురిలో ఒకరికి ట్యూబుతో తినిపించాలని, మరొకరికి ఎప్పుడు మూర్ఛ వస్తుందో తెలియదని గమనించాలి.

అందుకే నిధులు గానీ, బడి ఉండాలా వద్దా అన్న నిర్ణయం గానీ తలల లెక్క మీద నడవకూడదని మేం కోరుతున్నాం. పట్టికలో మరో రెండు గడులు చేర్చాలి. ఈ ఏడాది వచ్చిన పిల్లలు ఎక్కడినుంచి వచ్చారు? వెళ్లినవారు మామూలు బడికి వెళ్లారా, పనిలో చేరారా, ఇంటికి పరిమితమయ్యారా? పిల్లల వివరాలు బయటపడతాయన్న భయం ఉంటే మూడేళ్ల సంఖ్యలు కలిపి ఇవ్వొచ్చు. వాటిని శాతాల్లో కాకుండా మనుషుల లెక్కగానే వేయాలి.